సితంబర్ సితమ్‌గర్: ఒక రియాసత్, దాని వానలు, మా హఫీజ్‌పేట్ ఇల్లు



మా తమ్ముడి పెద్ద బేటీ నౌకరీ మీద ఎస్టోనియా వెళ్లి రెండేళ్లయింది. మొదట్లో ఆ ముల్క్ పేరు మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నోరు తిరిగేది కాదు. మా బేగం ఇప్పటికీ "ఆ చలి ఊరు" అనే అంటుంది. యూరప్ ఉత్తర కొసన, సముద్రం ఒడ్డున ఉన్న చిన్న దేశం. వైశాల్యం 45 వేల చదరపు కిలోమీటర్లు, జనాభా పదమూడు లక్షల పైచిలుకు. మన శేరిలింగంపల్లి, కూకట్‌పల్లి చుట్టుపక్కల జనాన్ని లెక్కపెడితే అంత తేలుతుందేమో!

జుమా రోజు సాయంత్రం ఫోన్ చేయడం ఆ పిల్లకు అలవాటు. మొన్నొకసారి అడిగింది: "బడే అబ్బా, ఇక్కడి వాళ్లు తమ ముల్క్ గురించి చెప్పమంటే ముందు మౌసమ్ చెప్తారు, తర్వాత తారీఖ్ చెప్తారు. డిసెంబర్‌లో పగలు ఆరు గంటలే, జూన్‌లో పద్దెనిమిది గంటలు దాటుతుంది అంటారు. 1918లో ఆజాదీ వచ్చింది, 1940లో సోవియట్ మింగేసింది, 1991లో మళ్లీ మా ముల్క్ మాకు దక్కింది అంటారు. నాలుగు మాటల్లో అంతా అయిపోతుంది. మరి మీ హైదరాబాద్ సంగతేంటి అని అడిగితే నాకు బిర్యానీ, చార్మినార్ తప్ప నోట మాట రాలేదు. మీరు తారీఖ్ చదివారు కదా, నాకు అలాగే నాలుగు మాటల్లో చెప్పండి."

నాలుగు మాటల్లో నాకూ రాలేదు బేటీ. అందుకే ఈ మజ్మూన్. నీకోసం మొదలుపెట్టాను, కానీ రాస్తూ పోతే నా గల్తీ ఒకటి ఒప్పుకోవాల్సి వచ్చింది. అది చివర్లో చెప్తాను.

ముందే ఒక మాట సాఫ్‌గా చెప్పాలి. హైదరాబాద్ రియాసత్‌ను ఎస్టోనియాతో సియాసత్ లెక్కన పోల్చడం లేదు. 1798 నుంచే నిజాములు అంగ్రేజ్ ఫౌజు నీడలో ఉన్నారు. అది పూర్తి ఆజాద్ ముల్క్ కాదు. కానీ తన సిక్కా, తన రైలు, తన డాక్, తన క్యాలెండర్ ఉన్న రియాసత్. సుమారు 82 వేల చదరపు మైళ్లు, అంటే ఎస్టోనియాకు దాదాపు ఐదింతలు. తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు అన్నీ అందులోనే ఉండేవి. దానికీ ఒక మౌసమ్ ఉంది, ఒక తారీఖ్ ఉంది. రెండింటినీ విడదీసి చెప్పడం కుదరదు.

ఆబీ, తాబీ, ఫస్లీ

మన నేల ఎత్తైనది. ఎస్టోనియాలో అన్నిటికంటే పెద్ద కొండ 318 మీటర్లేనట. హైదరాబాద్ షహర్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. అంటే నువ్వు పుట్టిన ఇంటి అరుగు వాళ్ల కొండ కొమ్ము కంటే పైన ఉందన్నమాట! ఆ మాట వాళ్లకు చెప్పు, నవ్వుకుంటారు.

ఎత్తు ఉంది కాబట్టి రాత్రిళ్లు చల్లబడతాయి. 1946 జనవరి 8న ఇక్కడ 6.1 డిగ్రీల చలి నమోదైంది. 1966 జూన్ 2న 45.5 డిగ్రీల ఎండ కాసింది. ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వాన. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నాలుగు నెలల్లోనే కురుస్తుంది. కింద గట్టి నల్లరాయి. నీళ్లు లోపలికి త్వరగా ఇంకవు. మన దగ్గర ఏడాది పొడుగునా నిండుగా పారే నదీ లేదు. కురిసిన నాలుగు నెలల వానను పట్టి దాచుకుంటేనే మిగతా ఎనిమిది నెలలు బతుకు.

అందుకే కాకతీయుల కాలం నుంచి ఈ నేల మీద చెరువు కింద చెరువు, దాని కింద ఇంకో చెరువు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువులోకి వస్తాయి. 1562లో హుస్సేన్ షా వలీ రహ్మతుల్లా అలైహ్ కట్టించిన హుస్సేన్ సాగర్ కూడా ఆ సిల్సిలాలోదే.

ఈ నీటి లెక్క మన భాషలోకి ఎలా దిగిందో చూడండి. తెలంగాణ పల్లెల్లో ముస్లింలే కాదు, ఉర్దూ అక్షరం రాని రైతు కూడా వానాకాలం వరిని ఆబీ అంటాడు, యాసంగి వరిని తాబీ అంటాడు. ఆబ్ అంటే నీళ్లు, తాబ్ అంటే వేడి. మెట్ట పొలం ఖుష్కీ, మాగాణి తరీ. ఇవన్నీ ఫార్సీ మాటలే. రియాసత్ దఫ్తర్ల నుంచి పొలం గట్ల మీదికి నడిచి వచ్చాయి. ఆఖరికి క్యాలెండర్ కూడా ఫస్లే! ఫసల్ అంటే పంట. హిజ్రీ సాల్ చాంద్‌ను బట్టి ముందుకు జరుగుతుంది, పంట మాత్రం సూర్యుణ్ని బట్టి వస్తుంది. శిస్తు పంట చేతికొచ్చాకే కట్టగలడు రైతు. అందుకని హుకూమత్ ఫస్లీ సాల్ పెట్టుకుంది. ఆజర్, దై, బహమన్, ఇస్ఫందార్ అని నెలల పేర్లు. ఇప్పటికీ మన పాత పహాణీల మీద ఫస్లీ సాల్ కనిపిస్తుంది. తన సాల్‌ను పంటకు ముడివేసిన హుకూమత్ ఇది. అక్కడ మౌసమ్ తప్పితే ఖజానా తప్పుతుంది.

తప్పింది కూడా. 1876 నుంచి 78 దాకా దక్కన్ అంతా ఖహత్. 1899-1900లో మళ్లీ కరువు, ముఖ్యంగా మరాఠ్వాడా వైపు. ఆ కరువులకు ముందే రియాసత్‌కు కొత్త రూపం వచ్చింది. 1853లో దీవాన్ అయిన మొదటి సాలార్ జంగ్ 1865లో జిలాబందీ చేశారు. జిల్లాలు, తాలూకాలు, జీతం తీసుకునే అఫ్సర్లు అప్పుడే వచ్చారు. 1874లో వాడీ నుంచి సికింద్రాబాద్ దాకా రైలు పడింది. మన హఫీజ్‌పేట్ స్టేషన్ ఆ దారి మీదే ఉంది. ఇవాళ హైటెక్ సిటీకి ఎంఎంటీఎస్ ఎక్కే పిల్లలు ల్యాప్‌టాప్ సంచీతో నిలబడేది నూటయాభై ఏళ్ల ఆ పట్టా పక్కనే. కరువు రోజుల్లో ఒక చోటి గల్లా ఇంకో చోటికి చేర్చడానికి రైలు ఎంత కీలకమో ఆనాటి హుకూమతులకు తెలిసొచ్చింది.

రంజాన్ మొదటి రోజుల సైలాబ్

కరువు మెల్లగా చంపుతుంది. సైలాబ్‌కు ఒక్క రాత్రి చాలు.

1908 సెప్టెంబర్ 28. హిజ్రీ 1326, రంజాన్ చాంద్ కనిపించి ఒకటి రెండు రోజులే అయింది. ఫస్లీ 1317 చివరి రోజులు. అంటే పాత సాల్ లెక్క మూసి కొత్త సాల్ తెరిచే వేళ. సెప్టెంబర్ చివర అంటే అర్థం ఏమిటి? నాలుగు నెలల వానకు నేల తడిసి ముద్దయి ఉంటుంది. చెరువులన్నీ అలుగు దాకా నిండి ఉంటాయి. అలాంటప్పుడు బంగాళాఖాతం నుంచి ఒక వాయుగుండం లోపలికి నడిచి వస్తే, పడిన ప్రతి చుక్కా పారాల్సిందే. ఇంకడానికి, ఆగడానికి చోటు ఉండదు.

అదే జరిగింది. మూసీ, ఈసీ రెండు నదుల ఎగువన వాన ఆగకుండా కురిసింది. తర్వాత లెక్కతీస్తే, షహర్‌కు పైన ఆ పరీవాహకంలో 788 చెరువులు ఉన్నాయట. అందులో 221 తెగిపోయాయి. నేను పైన చెప్పాను చూడండి, చెరువు కింద చెరువు అని. పై కట్ట తెగితే ఆ నీళ్లన్నీ కింది కట్ట మీద పడతాయి. అది తెగితే రెండింటి నీళ్లూ మూడో దాని మీదికి. మంచి రోజుల్లో బర్కత్ అయిన సిల్సిలా చెడ్డ రోజున తబాహీ సిల్సిలా అయింది. తెల్లారేసరికి మూసీ షహర్ మధ్యకు వచ్చేసింది.

అఫ్జల్‌గంజ్ వైపు మహల్లాలకు మహల్లాలు కొట్టుకుపోయాయి. చనిపోయిన వాళ్లు సుమారు 15 వేల మంది అని అంచనా. ఇల్లు పోయినవాళ్లు 80 వేల దాకా. షహర్ జనాభాలో దాదాపు నాలుగో వంతు. సహ్రీకి లేచిన ఇళ్లలో ఎన్ని ఇళ్లు ఇఫ్తార్ చూడలేదో అల్లాహ్‌కే తెలుసు.

రుబాయీలకు బాద్‌షా అని మనం చెప్పుకునే అమ్జద్ హైదరాబాదీ ఆ సైలాబ్‌లో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నారు. ఆయన ఒక్కరే మిగిలారు. ఆ తర్వాత ఆయన యాభై ఏళ్లకు పైగా బతికారు, 1961లో ఇంతెకాల్ అయ్యారు. ఆయన కలామ్‌లో సబర్ గురించి, ఫనా గురించి అంత లోతు ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగేవాళ్లకు ఆ ఒక్క రోజే జవాబు.

ఉస్మానియా దవాఖానా ఆవరణలో ఒక చింత చెట్టు ఉంది. ఆ రోజు దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఇప్పటికీ సెప్టెంబర్ 28న కొందరు అక్కడ చేరి పోయినవాళ్లను యాద్ చేసుకుంటారు. ఆ దవాఖానాకు నేను పదిసార్లు వెళ్లి ఉంటాను, మందుల చీటీ పట్టుకుని ఆ చెట్టు నీడలో కూర్చున్నాను. దాని కథ నాకు నలభై ఏళ్లు దాటాక తెలిసింది. షర్మ్‌గా ఉంది చెప్పుకోవడానికి.

ఖాళీగా ఉంచిన గిన్నె

అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. సైలాబ్ తర్వాత ఆయన లంగర్లు పెట్టించారు, మహల్ దర్వాజాలు తెరిపించారు. ఆయన హిందూ పద్ధతిలో మూసీకి పూజ చేశారని కూడా ఒక రివాయత్ షహర్‌లో తిరుగుతుంటుంది. అది ఎంత నిజమో గానీ, ప్రజలు తమ బాద్‌షా గురించి అలాంటి కథ చెప్పుకోవాలనుకున్నారంటే ఆయన మీద ఎలాంటి మొహబ్బత్ ఉండేదో తెలుస్తుంది.

తర్వాత జరిగిన పని అసలు తారీఖ్. రియాసత్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన 1909లో వచ్చి, తెగిన చెరువులన్నీ లెక్కబెట్టి, వాన లెక్కలు తీసి, అదే ఏడాది రిపోర్ట్ ఇచ్చారు. సారాంశం ఒక్క మాటలో చెప్పొచ్చు: షహర్ మధ్యలో నదికి గోడలు కడితే చాలదు, షహర్‌కు ఎగువనే నదిని ఆపాలి. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి. 1911లో మహబూబ్ అలీ ఖాన్ ఇంతెకాల్ అయ్యారు. పని కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. మనం గండిపేట అని పిలుచుకునేది ఆ ఉస్మాన్ సాగరే.

ఇక్కడ ఒక నుక్తా మన పిల్లలకు చెప్పాలి. ఆ రెండు సాగర్లు మంచినీళ్ల కోసం కట్టారని అందరూ అనుకుంటారు. నీళ్లు ఇచ్చాయి, నిజమే. కానీ వాటి మొదటి పని సైలాబ్‌ను పట్టడం. సైలాబ్‌ను పట్టాలంటే గిన్నెలో చోటు ఖాళీగా ఉండాలి. నిండిన గిన్నె ఏమీ పట్టదు. అంటే ఆనాటి ఇంతెజామ్ మొత్తం ఖాళీ జగహ్ మీద నిలబడింది. ఏడాదికి ఒకసారి, పదేళ్లకు ఒకసారి వచ్చే నీళ్ల కోసం చోటు వదిలి ఉంచడం. ఆ చోటు చూసి "ఊరికే పడి ఉంది" అనుకోకుండా ఉండడం.

అదే రోజుల్లో 1912లో ఆరాయిషె బల్దియా, అంటే నగరాభివృద్ధి బోర్డు పెట్టారు. మూసీ ఒడ్డున ఇరుకు బస్తీలు తీసి తోటలు, చౌడా రోడ్లు వేశారు. హైకోర్టు, ఉస్మానియా దవాఖానా నదికి అటూ ఇటూ లేచాయి. 1918లో ఉస్మానియా జామియా. తబాహీ జరిగిన పదీ పదిహేనేళ్లలో ఒక కొత్త షహర్. మనం సెల్ఫీలు దిగే పెద్ద పెద్ద కట్టడాల్లో సగం ఆ ఒక్క సైలాబ్ తర్వాత వచ్చినవే.

నీళ్లు పట్టే ఆ ఇల్మ్ పల్లెలకూ వెళ్లింది. మా దాదాది బోధన్ దగ్గరి పల్లె. మంజీరా మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాం సాగర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహాదుర్ ఇంజినీరింగ్. 2 లక్షల 75 వేల ఎకరాలకు నీళ్లివ్వాలని కట్టారు. ఆయన పుట్టిన జులై 11వ తేదీని తెలంగాణ ఇంజినీర్ల రోజుగా జరుపుతున్నారు. మా దాదా ఆయన పేరు ఎన్నడూ వినలేదు. "నహర్ వచ్చింది" అనేవాడు, అంతే. నహర్ రాకముందు జొన్న, వచ్చాక వరి, తర్వాత చెరకు. 1930ల చివర్లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. ఆ చోటికి శక్కర్ నగర్ అని పేరు. మా అబ్బాను స్కూల్‌కు పంపిన పైసలు ఆ నహర్ నీళ్లలోంచే వచ్చాయి. దాని కింద మునిగిన పల్లెల వాళ్లు మాత్రం ఇంకో కథ చెప్తారు. వాళ్ల కథ కూడా వినాలి.

ఇంకో సెప్టెంబర్

మా దాదీ సెప్టెంబర్ నెల వస్తే "సితంబర్ సితమ్‌గర్" అనేది. సితమ్ చేసే నెల అని. చిన్నప్పుడు వానల గురించి అంటోందనుకునేవాణ్ని.

1948 సెప్టెంబర్ 13న హింద్ ఫౌజ్ రియాసత్ సరిహద్దు దాటింది. 17న అంతా అయిపోయింది. పోలీస్ యాక్షన్ అన్నారు. దాని ముందు రజాకార్లు పల్లెల్లో చేసిన జుల్మ్ ఉంది. ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో పోయిన ప్రాణాలను మరచి మన గాయాలు మాత్రమే చెప్పుకోవడం ఇన్సాఫ్ కాదు. దాని తర్వాత బీదర్, ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్ వైపు మన ఖౌమ్ మీద పడిన ఖహర్ కూడా ఉంది. హుకూమత్ పంపిన సుందర్‌లాల్ కమిటీయే 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాసింది. ఆ రిపోర్ట్ జనం కళ్లబడింది 2013లో. ఇటు తెలంగాణ రైతుల సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. 1956 నవంబర్ 1న రియాసత్ మూడు ముక్కలై మూడు రాష్ట్రాల్లో కలిసిపోయింది.

దీని మీద వేరే మజ్మూన్ రాయాలి, ఇంషా అల్లాహ్. ఇక్కడ ఒక్క సంగతే చెప్తాను. హుకూమత్ మారినప్పుడు దఫ్తర్ భాష కూడా మారింది. ఉర్దూ పోయి అంగ్రేజీ, తెలుగు వచ్చాయి. రోజుల్తో పాటు అది జరగాల్సిందే, తెలుగు జనానికి తెలుగులో కాగితం దొరకాలి. కానీ పాత కాగితాలు ఉర్దూలోనే ఉండిపోయాయి. ఏ చెరువు ఎక్కడిదాకా నిండేది, ఏ నంబర్ ఎవరిది, ఏది కబ్రస్తాన్, ఏది వక్ఫ్, అన్నీ ఆ నస్తలీఖ్ గీతల్లో ఉన్నాయి. వాటిని చదవగలిగిన నస్ల్ ఒక్కొక్కరుగా వెళ్లిపోతోంది. మనింట్లో నాతో ఆఖరు.

శికమ్

ఇప్పుడు నా గల్తీ.

మేము హఫీజ్‌పేట్‌కు వచ్చింది 2004లో. 1998లో హైటెక్ సిటీ తెరిచారు, 2003లో ఎంఎంటీఎస్ వచ్చింది. అప్పటికి ఇక్కడ ఇంకా రాళ్ల గుట్టలు, సీతాఫలం పొదలు ఉండేవి. కైదమ్మ కుంట, అటు పటేల్ చెరువు, చందానగర్ వైపు గంగారం చెరువు. సాయంత్రం వాటి మీదుగా వచ్చే గాలికి కూలర్ అవసరం ఉండేది కాదు. 2007లో మేము ఒక చిన్న ప్లాట్ కొని రెండు గదులు వేసుకున్నాం. అమ్మినతను "చెరువు చాలా దూరం సాబ్, మీ గడపకు నీటి చుక్క రాదు" అన్నాడు. ఎండాకాలం అది. చుట్టూ పగుళ్లు బారిన నేల. నిజమే అనుకున్నాను. రిజిస్ట్రీ అయింది, ఫాతెహా చదివించాం, దావత్ పెట్టాం. ఇల్లంటే ఒక్క తరం కష్టం.

2020 అక్టోబర్ 13. ఆ రాత్రి బేగంపేటలో 19 సెంటీమీటర్ల వాన. (2000 ఆగస్టు 24న అదే బేగంపేటలో 24 సెంటీమీటర్లు పడింది, ఆ సంగతి మేం ఇక్కడికి రాకముందే మరచిపోయాం.) ఇషా తర్వాత నీళ్లు గడప దాటాయి. అర్ధరాత్రికి మంచం పట్టీ దాకా. ముసహఫ్‌ను, అమ్మీ ఫొటోను, కాగితాల పెట్టెను సజ్జ మీద పెట్టి మేము మెట్ల మీద కూర్చున్నాం. పాతబస్తీలో ఆ రోజుల్లో జరిగిన దాని ముందు మాది ఏమీ కాదు. పల్లె చెరువు నీళ్లు అల్ జుబైల్ కాలనీ మీద పడ్డాయి, గుర్రం చెరువు తెగి హాఫిజ్ బాబా నగర్ మునిగింది. జనాజాలు లేచాయి అక్కడ. మాకు అల్‌హమ్దులిల్లాహ్ సామాను మాత్రమే పోయింది.

నీళ్లు దిగాక తడిసిన కాగితాలు ఎండలో ఆరబెట్టాం. అందులో ప్లాట్‌తో పాటు ఇచ్చిన పాత పహాణీ నకలు ఒకటి ఉంది. ఉర్దూలో రాసినది. కొన్నప్పుడు దాన్ని మడతపెట్టి పెట్టెలో వేశానే తప్ప చదవలేదు. ఆ రోజు చదివాను. కైఫియత్ ఖానాలో రెండే మాటలు: శికమ్ తాలాబ్.

మన తెలుగు రెవెన్యూ కాగితాల్లో శిఖం భూమి అని రాస్తారే, అది ఈ మాటే. చాలామంది శిఖం అంటే ఏదో శిఖరం అనుకుంటారు. ఫార్సీలో శికమ్ అంటే కడుపు. చెరువు కడుపు. నీళ్లు నిండినప్పుడు చెరువు ఎక్కడిదాకా ఉబ్బుతుందో ఆ నేల అన్నమాట. ఎండాకాలం అది పొలంలా కనిపిస్తుంది, కొందరు పుచ్చకాయలు కూడా వేసుకుంటారు. నీళ్లు వచ్చినప్పుడు మాత్రం అది నీళ్లది. ఎంత సాఫ్ మాట చూడండి! మన బుజుర్గులు ఒక్క లఫ్జ్‌లో అంతా చెప్పి పోయారు. నేను ఒక కడుపులో ఇల్లు కట్టుకుని, అది నిండినప్పుడు శికాయత్ చేశాను.

అమ్మినవాడు అబద్ధం చెప్పాడు, ఒప్పుకుంటాను. అనుమతి ఇచ్చినవాళ్లు కళ్లు మూసుకున్నారు, అదీ నిజమే. కానీ ఆ కాగితం పదమూడేళ్లు నా పెట్టెలో ఉంది, నాకు ఉర్దూ వచ్చు. ఆ గఫ్లత్ నాది.

పోయిన ఏడాది ఇల్లు అమ్ముదామనుకున్నాం. ఐటీలో పనిచేసే ఒక యువ జంట వచ్చింది. చిన్న పాప. ఎండాకాలమే మళ్లీ. ఇల్లు నచ్చింది, బయానా ఇస్తామన్నారు. మా బేగం చాయ్ పెట్టింది. నేను పహాణీ తెచ్చి ముందు పెట్టాను, గోడ మీద 2020 నీటి గీత చూపించాను. వాళ్లు చాయ్ తాగి, షుక్రియా చెప్పి వెళ్లిపోయారు. మళ్లీ ఫోన్ రాలేదు. ఆ రాత్రి మా బేగం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అంది: "మనకు ఎవరైనా ఇలా కాగితం చూపించి ఉంటే బాగుండేది." ఇల్లు ఇంకా మాదే. సామాను మాత్రం ఇప్పుడు మంచం పట్టీ కంటే పైన పెట్టుకుంటాం.

అయిదో మౌసమ్

బేటీ, నువ్వే చెప్పావు కదా, ఎస్టోనియాలో సోమా అనే చోట వసంతంలో మంచు కరిగి నీళ్లు వస్తాయని. పొలాలు, దారులు, అడవి అంతా మునుగుతుందని. అక్కడి వాళ్లు దాన్ని తబాహీ అనకుండా "అయిదో మౌసమ్" అంటారని, ఒక్క చెట్టు మాను తొలిచి చేసిన పడవల్లో తిరిగేవారని. నాకు ఆ మాట నిద్ర పట్టనివ్వలేదు. వాళ్ల మీద వాన తక్కువ పడి కాదు, వాళ్లు గొప్పవాళ్లనీ కాదు. అక్కడ జనం తక్కువ, నీళ్లకు చోటు ఉంది. చోటు ఉంటే సైలాబ్ మౌసమ్ అవుతుంది. చోటు లేకపోతే మౌసమే సైలాబ్ అవుతుంది.

మన దగ్గర కూడా చోటు ఉండేది. దానికి పేరు కూడా ఉండేది. 1996లో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు వద్దని 111 నంబర్ జీవో తెచ్చారు. 2022లో 69 నంబర్ జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేశారు. ఆ గ్రామాల రైతులకూ వాళ్ల గోడు ఉంది. పక్క ఊళ్లో గజం లక్ష పలుకుతుంటే తమ ఎకరం ఎందుకు కదలకూడదని అడిగారు. వాళ్లకు జవాబు ఇవ్వాల్సిందే. కానీ 1908ని మరచి ఇచ్చే జవాబు జవాబు కాదు. 2025 సెప్టెంబర్ చివర రెండు సాగర్ల గేట్లు ఎత్తితే మూసీ నీళ్లు ఇమ్లీబన్ బస్టాండ్‌లోకి వచ్చాయి. ఇమ్లీబన్ అంటే చింతల తోపు. సెప్టెంబర్ 28కి ఒకటి రెండు రోజుల ముందే. నదికి తారీఖ్ యాద్ ఉంది, మనకే లేదు.

కాబట్టి బేటీ, నీ దోస్తులు అడిగితే ఇలా చెప్పు. మాది నాలుగు నెలల వాన, ఎనిమిది నెలల ఇంతెజార్ ఉన్న నేల. వానను పట్టి దాచినవాళ్లు దాన్ని ఏలారు. 1908లో నీళ్లు మమ్మల్ని ముంచాయి, మా బుజుర్గులు అందులోంచి సబక్ తీసుకుని షహర్‌ను మళ్లీ కట్టారు. 1948లో రియాసత్ పోయింది, 1956లో పేరు కూడా పోయింది, కానీ చెరువులు మాకు అమానత్‌గా మిగిలాయి. ఆ అమానత్‌లో మేము ఖియానత్ చేస్తున్నాం. నాలుగు మాటలే అయ్యాయి చూడు.

చదివిన భాయీలు, బెహన్లకు ఒక్క గుజారిష్. మీ ఇంట్లో సందూక్‌లో, అల్మారాలో పాత ఉర్దూ కాగితం ఏదైనా ఉంటే ఈ వారం బయటికి తీయండి. చదవగలిగిన దాదా, నానీ ఎవరైనా ఉంటే పక్కన కూర్చుని చదివించుకోండి, కైఫియత్ ఖానా మాత్రం వదలకండి. ఇల్లు కొనేవాళ్లు ఎండాకాలంలో చూసి కొనకండి, సెప్టెంబర్‌లో ఒకసారి వెళ్లి నిలబడి చూడండి. అమ్మేవాళ్లు నీటి గీత మీద సున్నం వేయకండి.

మా ఊరి పేరు హఫీజ్‌పేట్. హఫీజ్ అంటే కాపాడేవాడు. కాపాడడం ఆయన పని, కళ్లు తెరిచి ఉంచడం మన జిమ్మేదారీ.

ఖుదా హాఫిజ్.